భూగర్భ ఉప్పు చికిత్స గదుల్లో గాలి, గాలిలోని సూక్ష్మజీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉబ్బసం ఉన్న పిల్లవాడిని వెంటబెట్టుకుని ఉప్పుగనిలోకి దిగాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు, ఏళ్ల తరబడి దగ్గుతో విసిగిపోయిన పెద్దవారు, అలాంటి చోట్లను నడిపేవారు, ముగ్గురూ అడిగేది చివరికి ఒక్కటే: కింద గాలి నిజంగా శుభ్రమేనా, శుభ్రమైతే ఎందువల్ల, మనుషులు వచ్చి కూర్చున్నాక కూడా అలాగే ఉంటుందా? కింది జవాబులన్నీ ఆ ఒక్క ప్రశ్నను వేర్వేరు వైపుల నుంచి చూసేవే.

భూగర్భ ఉప్పు చికిత్స స్థలం అంటే ఏమిటి?

ఉప్పు తవ్వి తీసేయగా మిగిలిన గనిలోని పెద్ద గదిని శుభ్రపరచి, దీపాలూ పడకలూ అమర్చి, శ్వాసకోశ సమస్యలున్నవారు రోజుకు కొన్ని గంటల చొప్పున రెండు మూడు వారాలపాటు అక్కడ గడిపేలా ఏర్పాటు చేసిన చోటును ఈ పేరుతో పిలుస్తారు. పోలండ్‌లో క్రాకోవ్ నగరం దగ్గరి వియెలిచ్కా గనిలో ఈ గదులు నేలకు 135 మీటర్ల దిగువన ఉన్నాయి. దానికి పొరుగునే ఉన్న బోచ్నియా గనిలో సుమారు 250 మీటర్ల లోతున మరొకటి ఉంది. బెలారూస్‌లోని సొలిగోర్స్క్‌లో 420 మీటర్ల లోతున, వంటఉప్పుతోపాటు పొటాషియం లవణాలు కూడా ఉన్న పొరల్లో ప్రభుత్వ ఆసుపత్రి నడుస్తోంది. రొమేనియాలోని ప్రాయిద్ (2025లో నీరు చేరి మూతపడింది), అజర్‌బైజాన్‌లో నఖ్చివాన్ దగ్గరి దుజ్‌దాగ్, పాకిస్తాన్‌లోని ఖ్యూరా కూడా ఈ కోవలోనివే.

నేలమీద మామూలు భవనంలో గోడలకు ఉప్పు పలకలు అతికించి, యంత్రంతో ఉప్పును పొడిచేసి గాలిలోకి వదిలే గదులు వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే చాలా అపార్థాలు పుడుతున్నాయి.

ఈ ఆలోచన ఎలా మొదలైంది?

వియెలిచ్కాలో గని కార్మికులకు వైద్యుడిగా పనిచేసిన ఫెలిక్స్ బోచ్కోవ్‌స్కీ 1839లో అక్కడ ఉప్పునీటి స్నానాల చికిత్సాలయాన్ని ప్రారంభించి, గనిలోని ఉప్పుధూళి పీల్చడం శ్వాసకోశానికి మేలు చేస్తుందని వాదించాడు. తర్వాత చాలాకాలం మరుగున పడిన ఆ ఆలోచనను 1950ల చివర మియెచిస్వాఫ్ స్కులిమోవ్‌స్కీ అనే వైద్యుడు అదే గనిలో మళ్లీ నిలబెట్టాడు. జర్మనీలో కథ వేరుగా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబుదాడుల నుంచి తలదాచుకోవడానికి క్లూటర్ట్ గుహలోకి వెళ్లినవారిలో ఉబ్బసం ఉన్న కొందరికి ఊపిరి తేలికైందన్న గమనింపుతో ఆ గుహ వైద్యుల దృష్టిలో పడింది. అది సున్నపురాయి గుహ, అందులో ఉప్పు లేదు. ఉప్పు లేని చోట కూడా కొందరికి ఉపశమనం కలిగిందన్న ఆ సంగతి ఈ పేజీలోని మిగతా జవాబులన్నిటికీ పనికొస్తుంది కనుక గుర్తుంచుకోవలసినది.

ఉప్పు ఉన్నచోట సూక్ష్మజీవులు బతకవు కదా, అలాంటప్పుడు ఈ భయం దేనికి?

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఇందులో సగం నిజమే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ఉప్పు సూక్ష్మజీవిని అడ్డుకునేది నీటిని లాగేసుకోవడం ద్వారా. స్వచ్ఛమైన నీటిలో జీవికి అందే నీటిని 1 అనుకుంటే, ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీటిలో అది 0.75కు పడిపోతుంది. మనకు జబ్బు చేసే బ్యాక్టీరియాలో చాలావాటికి అది 0.90 కంటే తగ్గితే పెరుగుదల ఆగిపోతుంది. చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టెఫిలోకాకస్ ఆరియస్ మాత్రం 0.86 వరకు నెగ్గుకొస్తుంది. బూజుల్లో ఎక్కువభాగం 0.80 దాకా, కొన్ని ఆస్పర్‌జిల్లస్ జాతులు ఇంకా తక్కువదాకా తట్టుకుంటాయి. ప్రయోగశాలలో ఈ స్టెఫిలోకాకస్‌ను మిగతావాటి నుంచి వేరుచేయడానికి వాడే, సూక్ష్మజీవులను పెంచే జెల్లీ లాంటి అగార్‌లో 7.5 శాతం ఉప్పు కలుపుతారు. ఇతర బ్యాక్టీరియా అందులో కుంటుపడతాయి, ఇది మాత్రం హాయిగా పెరిగి చుట్టూ ఉన్న ఎర్రని అగార్‌ను పసుపుగా మార్చేస్తుంది. ఉప్పు అందరికీ ఒకేలా శత్రువు కాదని తెలుసుకోవడానికి ఆ ఒక్క పళ్లెం చాలు.

ఇక రెండో విషయం. పెరగకుండా ఆపడం వేరు, చంపడం వేరు. బ్యాసిల్లస్ జాతులూ బూజులూ తయారుచేసే సిద్ధబీజాలు తిండి, నీరు లేకుండా ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, అనువైన చోటు దొరకగానే మేల్కొంటాయి. ఉప్పుగోడ మీద పడినవి కూడా అంతే.

మూడోది ఇంకా ముఖ్యమైనది. గాలిలో తేలుతున్న సూక్ష్మజీవి గోడను తాకదు. పొడిగాలిలో ఉప్పు కూడా పొడి స్ఫటికంగానే ఉంటుంది, అది కరిగితేనే నీటిని లాగే గుణం పనిచేస్తుంది. ఎవరో దగ్గినప్పుడు వెలువడిన తుంపర పక్కవారి ముక్కును చేరడానికి కొన్ని క్షణాలు పడితే, ఆ క్షణాల్లో మూడు మీటర్ల దూరాన ఉన్న ఉప్పుగోడ దాన్ని ఏమీ చేయలేదు. కనుక గోడలు ఉప్పువి కాబట్టి గాలి దానంతటదే క్రిమిరహితం అవుతుందని చెప్పడం సరికాదు.

అయితే గని లోపల గాలిలో సూక్ష్మజీవులు తక్కువగా ఉంటాయని చెప్పేది అబద్ధమా?

అబద్ధం కాదు. మనుషులు లేని లోతైన గదుల్లో అవి నిజంగానే తక్కువగా ఉంటాయి. దానికి కారణాల్లో చాలావరకు ఉప్పుకు సంబంధించినవి కావు. కింద మట్టి లేదు, మొక్కలు లేవు, కుళ్లే ఆకులు లేవు, పుప్పొడి లేదు. బయటి గాలిలో కనిపించే క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా వంటి బూజుల సిద్ధబీజాలు మొక్కల మీద పుట్టేవి. అవి గనిలోకి రావాలంటే గాలితోపాటు వందల మీటర్ల సొరంగాలు దాటాలి, దారిలో చాలాభాగం నేలకూ గోడలకూ అంటుకుపోతాయి.

బరువు లెక్క కూడా చూద్దాం. కదలని గాలిలో 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) నలుసు 2 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 11 నిమిషాల్లో నేలకు చేరుతుంది. 1 మైక్రాన్ నలుసుకు అదే దూరానికి దాదాపు 16 గంటలు పడుతుంది. అందుకే రాత్రంతా మూసి ఉంచిన గదిలో తెల్లవారేసరికి పెద్ద సిద్ధబీజాలు, చర్మపు పొలుసుల మీద ఎక్కి తిరిగే బ్యాక్టీరియా చాలావరకు కిందికి దిగిపోతాయి. చిన్నవి మాత్రం ఇంకా తేలుతూనే ఉంటాయి. ఉదయం మొదటి అడుగు పడగానే నేలమీదివి కూడా మళ్లీ లేస్తాయి.

మరి గదిలో దొరికే సూక్ష్మజీవులు ఎక్కడివి?

ప్రధానంగా మనవే. ఒక్క మనిషి గదిలో ఉండడం వల్ల గంటకు సుమారు 3.7 కోట్ల బ్యాక్టీరియా జన్యుప్రతులు, వాటికి తోడు 70 లక్షలకు పైగా శిలీంధ్రాల జన్యుప్రతులు గాలిలోకి చేరుతున్నాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఒక తరగతి గదిలో కొలిచి ప్రకటించారు. అందులో కొంత శరీరం నుంచి వచ్చేది, చాలాభాగం నడిచినప్పుడు నేల నుంచి లేచేది. అది తరగతి గది లెక్క అయినా, మనిషి గనిలోకి దిగినంత మాత్రాన చర్మపు పొలుసులు రాలడం ఆగదు.

రోగులు రాకముందు ఒకటి, వాళ్లు రెండు గంటలు వ్యాయామాలు చేశాక ఒకటి, ఇలా రెండు పళ్లాలను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి కంటికే తెలుస్తుంది. మొదటి దానిలో విసిరేసినట్టు నాలుగైదు చుక్కలు ఉంటాయి. రెండోదానిలో నిమ్మపండు రంగులో గుండ్రంగా మెరిసే మైక్రోకాకస్, పాలచుక్కల్లాంటి స్టెఫిలోకాకస్, అంచులు చిరిగిన గుడ్డపేలికలా పరుచుకున్న బ్యాసిల్లస్ కిక్కిరిసి ఉంటాయి. ముదురు ఆకుపచ్చ ముఖమల్ గుడ్డలాంటి క్లాడోస్పోరియం మచ్చ కనిపిస్తే, అది ఎవరి బూట్లతోనో కోటుతోనో పైనుంచి దిగివచ్చిందని అనుకోవచ్చు. మైక్రోకాకస్, చర్మం మీది స్టెఫిలోకాకస్ ఎక్కువగా కనిపించడం మనుషులు వచ్చి వెళ్లారనడానికి గుర్తు. అవి ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయవు. కానీ అవి ఇంతగా పేరుకున్నాయంటే, అదే దారిలో జలుబు వైరస్ కూడా పేరుకుంటుందని అర్థం.

ఉప్పులోనే పుట్టి పెరిగే జీవులు ఉంటాయట. వాటివల్ల ప్రమాదమా?

ఉంటాయి. హాలోబ్యాక్టీరియం, హాలోకాకస్ వంటి లవణప్రియ జీవులు బ్యాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే వర్గానికి చెందినవి. ఉప్పుమడుల్లో నీటికి వచ్చే గులాబీ ఎరుపు రంగు ఎక్కువగా వాటి పుణ్యమే. హాలోకాకస్‌లో ఒక జాతిని ఆస్ట్రియా గనిలోని రాతిఉప్పు నుంచే వేరుచేశారు. మన ఊపిరితిత్తుల్లోని ద్రవంలో ఉప్పు సుమారు 0.9 శాతమే. హాలోబ్యాక్టీరియం వంటివి అంత పలుచని ఉప్పులో పగిలిపోతాయి. పగలకుండా నిలిచేవి కూడా అక్కడ పెరగలేవు. వీటివల్ల జబ్బు వస్తుందని భయపడనక్కరలేదు.

గాలిలోని సూక్ష్మజీవులను ఎలా కొలుస్తారు?

పాత పద్ధతిలో అగార్ పోసిన పళ్లెం మూత తీసి గంటసేపు అలా వదిలేస్తారు. పైనుంచి పడినవి మొలకెత్తుతాయి. ఇది చవక, సులువు. కానీ ఇప్పుడే చెప్పుకున్నట్టు 1 మైక్రాన్ నలుసులు పడవు కాబట్టి, ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లగలిగిన భాగమే ఈ లెక్కలోంచి జారిపోతుంది. గాలి నాణ్యతకు ఇలాంటి పళ్లెం ఒక్కటే ఆధారంగా చూపించేవారి నివేదికను నేనైతే నమ్మను.

మెరుగైన పద్ధతి గాలిని పంపుతో లాగడం. ఆండర్సన్ పరికరంలో ఒకదానికింద ఒకటిగా ఆరు అంచెలు, ఒక్కొక్క అంచెలో 400 సన్నని రంధ్రాలు ఉంటాయి. నిమిషానికి 28.3 లీటర్ల గాలి వాటి గుండా వెళ్తుంది. పై అంచెలో 7 మైక్రాన్ల కంటే పెద్దవి చిక్కితే, అట్టడుగున 0.65 మైక్రాన్ల వరకు ఉన్నవి చిక్కుతాయి. పై అంచెలో దొరికేది ముక్కులో ఆగేది, కింది అంచెల్లో దొరికేది లోపలికి పోయేది అని స్థూలంగా అనుకోవచ్చు. ఏ పరిమాణంలో ఎన్ని ఉన్నాయో చెప్పే ఫలితం మొత్తం సంఖ్యకంటే ఎంతో విలువైనది.

చిన్న లెక్క ఒకటి తెలిస్తే నివేదికలు చదవడం సులువవుతుంది. ఈ పరికరాన్ని 10 నిమిషాలు నడిపితే 283 లీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. అంటే పళ్లెంలో మొలిచిన ప్రతి కాలనీ (సూక్ష్మజీవి పెరిగి కంటికి కనిపించే చుక్కగా మారినది) ఘనపు మీటరుకు సుమారు 3.5 కింద లెక్క. కాబట్టి ఒక గదిలో 7, మరో గదిలో 14 అని వచ్చినంత మాత్రాన రెండోది రెట్టింపు మురికి అనుకోకూడదు. అది రెండు కాలనీలకూ నాలుగు కాలనీలకూ ఉన్న తేడా, అంతే. అలాంటి తేడా మరుసటి పది నిమిషాల్లోనే తారుమారు కావచ్చు.

పళ్లెంలో మొలవనివి లేవని కాదు. గాలిలో ఎండిపోయి నీరసించిన బ్యాక్టీరియాలో చాలావరకు బతికే ఉన్నా మొలకెత్తవు. వైరస్‌లు అగార్ మీద పెరగనే పెరగవు. ఉప్పు కలపని అగార్ వాడితే లవణప్రియ జీవులు ఒక్కటి కూడా కనిపించవు. జన్యుపదార్థాన్ని లెక్కించే పద్ధతి వీటిని పట్టుకోగలదు గానీ, చచ్చినదేదో బతికున్నదేదో అది చెప్పలేదు. అందువల్ల రెండు పద్ధతులనూ కలిపి చూడాలి. కొలిచిన వేళనూ అప్పుడు గదిలో ఉన్నవారి సంఖ్యనూ తప్పక రాయాలి. మనుషులు లేనప్పుడు తీసిన ఒక్క కొలతతో ధ్రువపత్రం ఇవ్వడం రోగులకు అన్యాయం చేయడమే.

ఘనపు మీటరుకు ఎన్ని కాలనీల వరకు సురక్షితం?

అందరూ ఒప్పుకున్న ఆరోగ్య పరిమితి అంటూ ఏదీ లేదు. భవనాల్లో తేమ, బూజుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా అంకె చెప్పకుండా, తేమనూ బూజునూ రాకుండా చూసుకోవాలని మాత్రమే చెప్పాయి. వేర్వేరు దేశాల్లో వాడే సంఖ్యలు పరిపాలనా సౌలభ్యం కోసం పెట్టుకున్నవి. పోలికే ఇక్కడ దారి: అదే రోజు బయటి గాలిలో ఎన్ని, ఖాళీ గదిలో ఎన్ని, రోగులతో నిండిన గదిలో ఎన్ని? లోపల బూజులు బయటికంటే ఎక్కువగానో, బయట కనిపించని రకంగానో ఉంటే, లోపల ఎక్కడో తడిసిన కర్ర, దుప్పటి, తివాచీ ఉందని వెతకాలి. ఉప్పుమీద పెరగని బూజు గనిలోని చెక్క దూలాల మీద చక్కగా పెరుగుతుంది.

చేతిలో పట్టుకునే పీఎం 2.5 (2.5 మైక్రాన్లకు మించని నలుసుల) మీటరుతో గదిని పరీక్షించవచ్చా?

పరీక్షించవచ్చు గానీ, అంకెను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. ఈ మీటర్లు నలుసుల మీద పడి చెదిరే వెలుతురును లెక్కిస్తాయి. ఆ నలుసు ఉప్పా, పొగా, బ్యాక్టీరియానా అన్నది వాటికి తెలియదు. పైగా ఉప్పునలుసు తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. సాపేక్ష ఆర్ద్రత 90 శాతం ఉన్నప్పుడు దాని వ్యాసం పొడిగా ఉన్నప్పటికంటే రెండింతలకు మించుతుంది కాబట్టి, మీటరు దాన్ని ఉన్నదానికంటే ఎక్కువ బరువుగా చూపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన రోజువారీ పరిమితులు పీఎం 2.5కు ఘనపు మీటరుకు 15, పీఎం 10కు 45 మైక్రోగ్రాములు. యంత్రంతో ఉప్పు వెదజల్లే గదిలో ఉప్పు మిల్లీగ్రాములలో, అంటే వేల మైక్రోగ్రాములలో ఉండవచ్చు. ఆ పరిమితులు పొగ, మసి, దుమ్ము కలిసిన బయటి గాలిని దృష్టిలో పెట్టుకుని, రోజంతటి సగటుకు వేసినవి. శుద్ధమైన ఉప్పును గంటసేపు పీల్చడానికి వాటిని యథాతథంగా అన్వయించలేం. అలాగని ఉప్పు కాబట్టి ఎంత పీల్చినా ఫరవాలేదనడానికీ వీల్లేదు. ఉప్పు యంత్రం ఆపి ఉన్నప్పుడు తీసిన కొలతే మిగతా ధూళి సంగతి చెబుతుంది.

తేమ ఎంత ఉండాలి?

వంటఉప్పు సుమారు 75 శాతం సాపేక్ష ఆర్ద్రత దగ్గర గాలిలోని నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. ఉప్పుగదికి ఇది గీసిపెట్టిన గీత లాంటిది. దానికి దిగువన గోడలు పొడిగా ఉంటాయి. ఆ గీత దాటితే గోడలు చెమర్చి, కరిగిన ఉప్పునీరు కారుతుంది, గుడ్డలూ చెక్కా తడుస్తాయి. గోడ దానికదే తేమను కొంత పీలుస్తూ, కొంత వదులుతూ గాలిని ఈ గీత దరిదాపుల్లో నిలపడానికి సాయపడుతుంది.

గని లోపల ఏడాది పొడవునా చల్లగా, ఒకే తీరుగా ఉన్నా, పైనుంచి తెచ్చే గాలి అలా ఉండదు. గది 14 డిగ్రీల వద్ద ఉందనుకుందాం. చలికాలంలో బయటి 0 డిగ్రీల గాలిని తెస్తే, అందులో నీరు ఎంత నిండుగా ఉన్నా, కింద వేడెక్కేసరికి ఆర్ద్రత 40 శాతానికి దిగుతుంది. వేసవిలో 20 డిగ్రీలు, 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలిని తెస్తే, అది కింద చల్లబడి నీటిని గోడల మీద వదిలేస్తుంది. వియెలిచ్కాలో ఉప్పులో చెక్కిన శిల్పాలు కరిగిపోకుండా లోపలికి పంపే గాలిలో తేమను తగ్గించే ఏర్పాటు చేయవలసి వచ్చింది కూడా ఇందుకే. నీరు చేరితే ఉప్పుగని గనిగానే మిగలదు. ఉక్రెయిన్‌లోని సొలొత్వినోలో సుమారు 300 మీటర్ల లోతున పిల్లలూ పెద్దలూ చికిత్స పొందిన గనులు నీరు చొరబడి మూతపడ్డాయి.

రేడాన్, ఇతర వాయువుల సంగతేమిటి?

రేడాన్ యురేనియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువు. ఉప్పులో యురేనియం చాలా తక్కువ కాబట్టి ఉప్పుగనుల్లో రేడాన్ సాధారణంగా లోహపు గనుల్లోకంటే, సున్నపురాయి గుహల్లోకంటే తక్కువే. అయినా పక్కనున్న బంకమట్టి పొరల నుంచి రావచ్చు కనుక కొలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన స్థాయి, రేడియోధార్మికతను కొలిచే ప్రమాణంలో, ఘనపు మీటరుకు 100 బెకరల్‌లు. అది సాధ్యం కానిచోట కూడా 300 దాటకూడదు. రేడాన్‌నే మందుగా భావించి పీల్పించే ఆస్ట్రియాలోని గాష్టైన్ సొరంగం వంటివి పూర్తిగా వేరే వ్యవహారం, వాటిని ఉప్పు చికిత్సతో కలపకూడదు.

తవ్వకం ఇంకా సాగుతున్న గనుల్లో డీజిల్ యంత్రాల పొగ, పేలుళ్ల తర్వాత మిగిలే నైట్రోజన్ ఆక్సైడ్లు అసలు ఆందోళన. చికిత్స గది తాజా గాలి వచ్చే వైపు ఉందా, పనిచోట తిరిగివచ్చిన గాలి దారిలో ఉందా అన్నది అడిగి తెలుసుకోవాలి.

గనిలోని గదిలోనూ నేలమీద కట్టిన ఉప్పుగదిలోనూ గాలి ఒకటేనా?

ఒకటి కాదు. తేడా లెక్కవేస్తేనే తెలుస్తుంది. 10,000 ఘనపు మీటర్ల గని గదిలో పదిమంది ఉంటే ఒక్కొక్కరికి వెయ్యి ఘనపు మీటర్లు దక్కుతాయి. 60 ఘనపు మీటర్ల గదిలో ఆరుగురు కూర్చుంటే ఒక్కొక్కరి వంతు పది. మనిషి తీరికగా కూర్చున్నా గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గాలిమార్పిడి లేకపోతే చిన్నగదిలో అది గంటకు పదిలక్షల భాగాలకు 1,800 భాగాల చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఉన్న 420తో మొదలుపెట్టినా, ముప్పావుగంట ముగిసేసరికి 1,770కు చేరుతుంది. గని గదిలో అదే పెరుగుదల గంటకు 18 భాగాలే. కార్బన్ డయాక్సైడ్ పెరిగినంతగా ఎదుటివారి ఊపిరిలోని మిగతాదంతా మన ఊపిరిలోకి వస్తోందని అర్థం.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకుండా చెప్పడం అవసరం. కట్టిన గదుల్లో ఉప్పుపొడి బయటికి పోకుండా ఉండాలని చికిత్స జరుగుతున్నంతసేపూ గాలిమార్పిడిని ఆపేయడం మామూలు. ఉప్పును పట్టి ఉంచే ఆ ఏర్పాటే ఊపిరితో వచ్చిన సూక్ష్మజీవులనూ పట్టి ఉంచుతుంది. 0.3 మైక్రాన్ల నలుసులను 99.97 శాతం ఆపే హెపా ఫిల్టరు పెడితే సూక్ష్మజీవులతోపాటు ఉప్పునూ ఆపేస్తుంది. ఈ రెండింటినీ ఒకేసారి సాధించే ఉపాయం లేదు కనుక, గదిలోకి తక్కువమందిని అనుమతించడం, ఒక బృందానికీ మరో బృందానికీ మధ్య గాలిని పూర్తిగా మార్చడం, ఇవే మిగిలిన దారులు. గంటకు మూడుసార్లు గాలి మారే వేగంతో, గాలి బాగా కలుస్తున్న గదిలో, ఒక గంటలో పాత గాలిలోనిది 95 శాతం పోతుంది. గంటకు ఒకేసారి మారే వేగమైతే పోయేది 63 శాతమే. పది నిమిషాల విరామం దేనికీ చాలదు.

పక్కవారి నుంచి జబ్బు అంటుకునే అవకాశం ఉందా?

ఉంది. క్షయ, తట్టు, ఇన్‌ఫ్లూయెంజా, కోవిడ్ వంటివి గాలి ద్వారా వ్యాపిస్తాయి. గోడలు ఉప్పువైనంత మాత్రాన అవి వ్యాపించకుండా ఉండవు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే పుట్టుజబ్బు) ఉన్నవారి విషయం మరీ ప్రత్యేకం. ఉప్పునీటి ఆవిరి తమకు మేలు చేస్తుందని ఆసుపత్రిలో విన్నవారు కనుక ఉప్పుగదుల వైపు ఆశగా చూస్తారు. కానీ ఈ జబ్బు ఉన్న ఇద్దరిని ఒకేగదిలో ఉంచకూడదన్నది వైద్యుల గట్టి నియమం, ఎందుకంటే సూడోమోనాస్, బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా ఒకరి ఊపిరితిత్తుల నుంచి మరొకరికి చేరితే ప్రాణాపాయం కలగవచ్చు. వాళ్ల కోసం నడిపిన వేసవి శిబిరాలను ఈ కారణంగానే గతంలో ఆపేయవలసి వచ్చింది.

అతినీలలోహిత దీపాలు, ఓజోన్ యంత్రాలు పెడితే సరిపోదా?

254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు సూక్ష్మజీవులను నిజంగానే చంపుతాయి. పైకప్పు వైపు మాత్రమే కిరణాలు పడేలా, కింద కూర్చున్నవారి కళ్లకూ చర్మానికీ తగలకుండా అమర్చాలి. దీపం మీద ఉప్పు పొరలా పేరుకుంటే దాని శక్తి తగ్గుతుంది కాబట్టి తరచుగా తుడవాలి. ఉప్పుగాలిలో లోహపు భాగాలు, ఫ్యాన్లు, కొలత పరికరాలు తుప్పుపట్టడం కూడా తొందరే. ఓజోన్ మాత్రం వద్దు. అది ఊపిరితిత్తులను మండించే వాయువు. ఉబ్బసం ఉన్నవారు కూర్చునే గదిలో దానికి చోటు ఉండకూడదు.

ఇంతకీ ఈ చికిత్స పనిచేస్తుందా?

ఉబ్బసానికి గుహ చికిత్స మీద జరిగిన పరీక్షలను, వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2001లో సమీక్షించింది. అర్హమైనవిగా దొరికినవి మూడే, వాటన్నిటిలో కలిపి 124 మంది పిల్లలు. రెండింటిలో ఊపిరితిత్తుల పనితీరు కొద్దికాలం మెరుగుపడినట్టు కనిపించింది. కానీ పద్ధతి పరంగా బాగున్నది ఒక్కటే కావడంతో, నమ్మకమైన నిర్ణయానికి రాలేమని సమీక్షకులు తేల్చారు.

మేలు జరిగినచోట కూడా అది దేనివల్ల అన్నది విడదీయడం కష్టం. పుప్పొడి, ఇంటిధూళి పురుగులు, పొగ లేని చోట మూడు వారాలు ఉండడం, రోజూ శ్వాస వ్యాయామాలు చేయడం, ఉప్పు పీల్చడం అన్నీ కలిసే జరుగుతాయి. క్లూటర్ట్ గుహ అనుభవాన్ని తలచుకుంటే, గాలిలో లేని వాటి వల్లనే ఎక్కువ మేలు కలుగుతోందని నాకు అనిపిస్తుంది. అది నిజమైతే గాలి నాణ్యతను కాపాడటమే ఇక్కడి చికిత్సలో ప్రధాన భాగం అవుతుంది.

ఎవరు దూరంగా ఉండాలి?

క్షయ ఉన్నవారు, జ్వరంతో ఉన్నవారు, రక్తం పడేలా దగ్గుతున్నవారు, ఉబ్బసం అదుపులో లేనివారు వెళ్లకూడదు. ఆసుపత్రుల్లో 4.5 శాతం ఉప్పునీటి తుంపరను పీల్పించి శ్వాసనాళాలు ముడుచుకుంటాయేమో చూసి ఉబ్బసాన్ని నిర్ధారించే పరీక్ష ఒకటి ఉంది. అంటే ఉప్పు కొందరిలో ఆయాసాన్ని రప్పించగలదు. ఇన్‌హేలరు వెంట ఉంచుకోవాలి, రోజూ వాడే మందులను సొంతంగా మానకూడదు. బలమైన స్టెరాయిడ్లు, కీమోథెరపీ వంటి వాటివల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారు ముందు తమ వైద్యుడిని అడగాలి. వాళ్లకు ఆస్పర్‌జిల్లస్ వంటి మామూలు బూజు కూడా ప్రమాదకరమే.

వెళ్లేముందు నిర్వాహకులను ఏమి అడగాలి?

గదిలోకి ఒకేసారి ఎంతమందిని పంపుతారు, చికిత్స జరుగుతుండగా గాలి మారుతుందా, బృందాల మధ్య ఎంత విరామం ఇస్తారు అన్నవి ముందుగా అడగండి. గదిలో మనుషులు ఉన్నప్పుడు తీసిన కొలతలు చూపమనండి. బూట్లు, కోట్లు బయట విడిచే ఏర్పాటు ఉందో లేదో, దుప్పట్లు ఎప్పుడెప్పుడు ఉతుకుతారో, నేలను పొడిచీపురుతో ఊడుస్తారా లేక హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమ్‌తో శుభ్రం చేస్తారా అన్నది కూడా తెలుసుకోండి. పొడిచీపురు ఒక్క నిమిషంలో రాత్రంతా కిందికి దిగినదాన్ని తిరిగి గాలిలోకి లేపుతుంది. చేతిలో ఇమిడే కార్బన్ డయాక్సైడ్ మీటరు మీ దగ్గర ఉంటే వెంట తీసుకెళ్లి, లోపలికి వెళ్లగానే ఒకసారి, బయటికి వచ్చేముందు మరోసారి చూసుకోండి. ఆ రెండు అంకెల మధ్య తేడా వెయ్యి దాటితే మరుసటి రోజు తక్కువమంది ఉండే వేళను అడిగి తీసుకోండి.